విద్యకు పిలుపు, మనిషికి గడువు

2024వ సంవత్సరమున మా వీధిలో ఒక పెద్దమనిషి కాలము చేసెను. ఉన్నత పాఠశాలలో ముప్పది యేండ్లు లెక్కలు చెప్పినవాడు. ఆయనకు ఒక్కడే కుమారుడు. ఇంటర్మీడియేటులో నా దగ్గర తెలుగు చదివినవాడు. ఇప్పుడు అమెరికాలో, టెక్సాసు రాష్ట్రమున ఇంజనీరు. చితికి నిప్పు పెట్టినది తమ్ముని కుమారుడు. కన్నకొడుకు ఎవరో ఎత్తి పట్టుకొన్న సెల్‌ఫోనులోనుండి చూచుచుండెను. శ్మశానమునుండి మరలి వచ్చునపుడు అందరును ఒకే మాట అనుకొనిరి: డాలర్లు మరిగినవానికి తండ్రి యేమి, తల్లి యేమి యని. నిజము చెప్పవలెనన్న నేనును అట్లే తలచితిని. పదునైదు దినములు గడచిన పిమ్మట ఆ అబ్బాయియే నాకు ఫోను చేసెను.

"మాస్టారూ, రావడానికి నాకు టిక్కెట్టు దొరికింది. తిరిగి వెళ్ళడానికే కాగితం లేదు," అనెను.

ఆ మాట నాకు వెంటనే బోధపడలేదు. అతడే ఓపికతో వివరించెను. అమెరికాలో ఉండి పని చేయుటకు ఇచ్చు అనుమతి వేరు. పాస్‌పోర్టులో అంటించు వీసా వేరు. మొదటిది ఉన్నంతకాలము అచట నిక్షేపముగా పని చేయవచ్చును. కాని ఒకసారి గడప దాటి బయటికి వచ్చినచో మరల లోపలికి పోవుటకు రెండవది కావలెను. దానికి కాలము తీరియున్నచో స్వదేశమున కాన్సులేటువారి యెదుట నిలువవలెను. ఆ దినములలో అతనికి కనబడిన తేదీ నాలుగు నెలల తరువాతిది. అంతవరకు ఉద్యోగము నిలుచునో లేదో తెలియదు. ఇంటి అప్పు అచట, బడికి పోవు కుమార్తె అచట. ఇటువంటి చిక్కు అతనికొక్కనికే కాదు. 2025 డిసెంబరులో, దరఖాస్తుదారులు సామాజిక మాధ్యమములలో వ్రాసిన వ్రాతలను కూడ పరిశీలింపవలెనను నియమము వచ్చినపుడు, సెలవులకు ఇంటికి వచ్చినవారు అనేకులు ముఖాముఖి తేదీలు నెలల తరబడి వాయిదాపడి ఇచటనే చిక్కుకొనిరి.

హెచ్‌-1బి అని మన పల్లెలలో సైతము వినబడుచున్న యీ యనుమతికి 1990 నాటి అమెరికా వలస చట్టము నేటి రూపము నిచ్చినది. ప్రత్యేక విద్య అవసరమైన వృత్తులకు కనీసము పట్టభద్రులైన విదేశీయులను మూడేండ్లకు, పొడిగించినచో ఆరేండ్లకు తెచ్చుకొనవచ్చునని దాని సారము. ఏటికి 65,000 మంది యని హద్దు. కంప్యూటరు వ్యాపారము పొంగిన కాలమున ఆ హద్దు 1,95,000 వరకు లేచి, 2004లో మరల మొదటికి దిగినది. అచటి విశ్వవిద్యాలయములలో పై పట్టములు పొందినవారికి మరి 20,000 చేర్చిరి. కోరువారు ఇంతకు ఎన్నియో రెట్లు. కావున లాటరీ. 2023 మార్చిలో ఏడు లక్షలకు పైగా నమోదులు వచ్చినవి. వానిలో సగమునకు మించి, ఒకే మనిషి పేర ఒకటికంటె ఎక్కువ కంపెనీలు పెట్టినవే. అన్నియు మోసములు కాకపోవచ్చును. అందు మనవారి పాలు లేదని చెప్పుటకు మాత్రము నాకు నోరు రాదు. మరుసటి యేడు మనిషికి ఒకే అవకాశమని నియమము మార్చిరి. చదువు ఫలము చీటీలమీద ఆధారపడినపుడు దేవుడు జ్ఞాపకము వచ్చుట సహజము. హైదరాబాదు చెంతనున్న చిలుకూరు బాలాజీకి వీసా బాలాజీ యని పేరు వచ్చినది ఇందువలననే. మ్రొక్కుకొనునపుడు పదకొండు ప్రదక్షిణములు, కోరిక తీరిన పిమ్మట నూట యెనిమిది.

ఏ దేశమైనను తన వాకిలి ఎవరికి తెరువవలెనో తానే నిర్ణయించుకొనును. మన దేశమును విదేశీయులకు ఉద్యోగ వీసాలు ఇచ్చునపుడు కనీస వేతనము మొదలైన షరతులు పెట్టుచున్నది. కావున ద్వారము ఇరుకుగా నున్నదని నా ఫిర్యాదు కాదు. లోపలికి పిలిచినవానిని, నీ చేతిలోని పని కావలెను గాని నీవు కాదని యేండ్ల తరబడి గడపమీదనే నిలబెట్టుటను గూర్చియే నా అభ్యంతరము. ఈ యనుమతికి అర్జీ పెట్టునది పనివాడు కాదు, యజమాని. 2000 నాటి చట్టము కొంత సడలింపు నిచ్చినది: క్రొత్త యజమాని తన అర్జీ దాఖలు చేసినచో అచట చేరవచ్చును. కాని ఉద్యోగము పోయిన దినమునుండి అరువది దినములలో అట్టి యజమాని దొరకవలెను. లేదా మరియొక అనుమతి సంపాదింపవలెను. లేదా మూట కట్టుకొనవలెను. శాశ్వత నివాసమునకు గ్రీన్‌కార్డు కోరుదమన్న, ఉద్యోగముల పేర ఇచ్చు కార్డులు కుటుంబములతో కలిపి ఏటికి సుమారు 1,40,000. అందు ఏ యొక దేశమునకైనను నూటికి ఏడు. ఐస్‌లాండునకు ఎంత హద్దో భారతదేశమునకును అంతే. హెచ్‌-1బి అనుమతులలో నూటికి డెబ్బదికి పైగా భారతీయులవి కాగా ఈ వరుస ఎంత సాగునో ఊహింపుడు. తల్లిదండ్రుల పేర వెళ్ళిన పసిపిల్లలు వరుస కదలకముందే ఇరువదియొకటవ యేట అడుగిడి, ఆ నీడను కోల్పోయి, తాము పెరిగిన ఊరిలో తామే క్రొత్త కాగితము వెదకుకొనుచున్నారు.

ఈ రీతి నిన్న మొన్న పుట్టినది కాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1922లో బోస్టను నగరమున అడుగు పెట్టిరి. ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న కొలువు చేసి పొట్ట పోసికొనుచు హార్వర్డులో చదివిరి. 1925లో ఫిస్కే పండితునితో కలిసి ప్రకటించిన, భాస్వరమును కొలుచు పద్ధతి వారిరువురి పేరనే నిలిచినది. 1940లో లెడర్లీ ప్రయోగశాల చేరిరి. ఫోలిక్ ఆమ్లమును తయారు చేసిన పరిశోధకులకు నాయకులు వారే. కాన్సరు చికిత్సలో నేటికిని వాడుచున్న మెథోట్రెక్సేట్ ఆ కృషి ఫలమే. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అను మందు అచటినుండియే వచ్చినది. మన కోస్తా జిల్లాలలో డి.ఇ.సి. యని ఇంటింట పంచిన మాత్ర అదియే. మ్రింగినవారిలో ఎందరికి ఆయన పేరు తెలియునో!

ఇంత చేసినవానికి ఆ దేశపు చట్టము ఇచ్చిన చోటేమి? 1917 చట్టము ఆసియా ప్రజలలో అధికుల వలసకు తలుపు మూసినది. విద్యార్థులకు మాత్రము సందు మిగిల్చినది. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని అచటి సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 1946 వరకు ఆ స్థితి మారలేదు. మారినపుడును భారతదేశమునకు దక్కినది ఏటికి నూరుమంది చోటు. 1948లో మరణించునాటికి సుబ్బారావుగారు ఆ దేశ పౌరులు కారు. ఇచట విడిచి వెళ్ళిన భార్యను వారు మరల చూడనేలేదు. దానికి చట్టమొక్కటియే కారణమని నేననను. అయినను ఆ యిరువదియారేండ్లు తలంపునకు వచ్చినపుడెల్ల మా వీధిలోని చితియు కన్నులకు కట్టును.

అమెరికా పనివారి ఫిర్యాదును కూడ వినవలెను. తమ స్థానమునకు వచ్చిన విదేశీయులకు తామే పని నేర్పి యింటికి పోవలసి వచ్చినదని 2015లో ఫ్లోరిడాలో కొందరు చెప్పుకొన్న దుఃఖము కల్పితము కాదు. కాని ఆ దుఃఖమునకు మందు ఎచట నున్నది? విడిచి పోలేనివాడు జీతము పెంచుమని గట్టిగా అడుగలేడు. అడుగలేనివాడు దొరికినపుడు యజమాని అడుగగలవానిని ఏల ఉంచుకొనును? వచ్చినవానికి యజమానిని మార్చుకొను స్వేచ్ఛ నిచ్చినచో ఇరువురి కూలియు నిలుచును. ప్రభుత్వము పట్టిన దారి వేరు. 2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంపు క్రొత్త అర్జీకి లక్ష డాలర్లు, అనగా నాటి లెక్కకు సుమారు 88 లక్షల రూపాయలు, చెల్లింపవలెనని ప్రకటించెను. ఇప్పటికే అనుమతి యున్నవారికి వర్తింపదని మరునాడు గాని వివరణ రాలేదు. ఆ నడిమి రాత్రి విమానము దిగి బయటికి పరుగెత్తినవారు, పెండ్లికని బయలుదేరి మార్గమధ్యమున మరలినవారు ఉన్నారు. లక్ష డాలర్లు పోసి తెచ్చుకొన్నవానిని యజమాని మరింత బిగించి పట్టుకొనునే గాని వదలునా?

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పదవ తరగతి పిల్లవాడు గణితమున నూటికి నూరు తెచ్చుకొన్ననాడే "నీవు అమెరికా పోవుదువురా" అని వీపు తట్టినవారము మనమే. నేనును తట్టితిని. పొమ్మనుటలో తప్పు లేదు. పోయి సంపాదించినవారి వలన ఎన్ని యిండ్లు లేచినవో, ఎందరు చెల్లెండ్రకు పెండ్లిండ్లు జరిగినవో మనకు తెలియును. కాని ఆ కాగితము ఎవరి చేతిలో నుండునో, అరువది దినములనగా నేమో, వరుస యనగా నేమో పిల్లవానికి ముందుగా చెప్పినవారు లేరు. ఈ యేడు నా తరగతిలో వ్యాసరచనకు బదులు ఒక గంట ఈ చట్టమును గూర్చియే మాటలాడితిని. వెనుక వరుసలో ఒక బాలిక లేచి, "ఇవన్నీ తెలిసీ మా అన్నయ్య వెళ్ళాడండి, నేనూ వెళ్తాను," అనెను. వెళ్ళుమనియే చెప్పితిని.

లెక్కల మాస్టారి అస్థికలు శ్మశానవాటికలోని గదిలో కొడుకు పేరు వ్రాసిన కుండలో పదునాలుగు నెలలు ఉన్నవి. తుదకు అతడు వచ్చి, రాజమహేంద్రవరములో గోదావరిలో నిమజ్జనము చేసెను. గట్టుమీద తడిబట్టలతో నిలిచియుండగనే బాబాయి అడిగిన ప్రశ్న, కాన్సులేటులో తేదీ ఎప్పుడని.