అటువైపూ ఓ అమ్మ

అతనికి 19 ఏళ్లు. పేరు అల్యోషా. సోవియట్ సైన్యంలో సిగ్నల్స్ విభాగం కుర్రాడు. జర్మన్ ట్యాంకులు మీదికొస్తుంటే ప్రాణభయంతో పరుగెత్తాడు. ఇక పరుగెత్తలేక, చేతికందిన తుపాకీతో పేల్చాడు. రెండు ట్యాంకులు తగలబడిపోయాయి. జనరల్ భుజం తట్టి పతకానికి సిఫారసు చేస్తానన్నాడు. కుర్రాడు నీళ్లు నమిలాడు. పతకానికి బదులు ఒక్కసారి ఇంటికి పంపించమని అడిగాడు. ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంది. ఇంటికప్పు కారుతోందని ఉత్తరం రాసింది. జనరల్ మనసు కరిగింది. వెళ్లడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు, కప్పు బాగుచేయడానికి రెండు రోజులు... మొత్తం ఆరు రోజుల సెలవు!

1959లో గ్రిగరీ చుఖ్రాయ్ తీసిన 'బ్యాలడ్ ఆఫ్ ఎ సోల్జర్' కథ ఇది. యుద్ధం సినిమాయే. కానీ ట్యాంకులు కనిపించేది మొదటి కొద్ది నిమిషాలే. మిగిలిందంతా ప్రయాణం. దారిలో ఓ కాలు పోగొట్టుకున్న సైనికుడు కనిపిస్తాడు. ఈ స్థితిలో భార్య తనను ఆదరిస్తుందో లేదోనని ఇంటికెళ్లడానికి జంకుతుంటాడు. అతనికి తోడుగా ఉండటంతో అల్యోషాకి కొంత సమయం పోతుంది. ఇంకో సైనికుడు తన భార్యకివ్వమని రెండు సబ్బుబిళ్లలు పంపుతాడు. వాటిని చేర్చడానికి ఇంకొంత. రైల్లో షూరా అనే అమ్మాయితో పరిచయం. ఇలా ఉన్న సెలవంతా దారిలో వాళ్లకీ వీళ్లకీ పంచిపెట్టేసి ఊరు చేరేసరికి అతని దగ్గర మిగిలినవి కొన్ని నిమిషాలే. పొలంలో ఉన్న తల్లి కబురు విని పరుగెత్తుకొస్తుంది. కొడుకుని గట్టిగా హత్తుకుంటుంది. అంతే! కప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది.

సినిమా అయిపోయాక రెండు ట్యాంకుల సంగతి ఎవరికీ గుర్తుండదు. రెండు సబ్బుబిళ్లలు మాత్రం గుర్తుండిపోతాయి.

యుద్ధం సినిమాలు రెండు రకాలు. ఎంతమంది శత్రువులు చచ్చారో లెక్కపెట్టించేవి మొదటి రకం. ఇంటికి ఎవరు తిరిగి రాలేదో లెక్కపెట్టించేవి రెండోరకం. మొదటి రకానికి ఈలలు పడతాయి. కాసులూ రాలతాయి. తప్పేం లేదు. కానీ టీవీలో నిజం యుద్ధం వార్తలు వస్తున్నప్పుడు కూడా క్రికెట్ స్కోరు చూసినట్టు చూడటం అలవాటైపోయిన ఇళ్లలో, ఎప్పుడైనా ఓ ఆదివారం రెండోరకం సినిమా పెట్టాల్సిన అవసరం ఉంది.

ముగింపు ముందే!

'బ్యాలడ్ ఆఫ్ ఎ సోల్జర్' మొదటి దృశ్యంలోనే ఓ నల్లదుస్తుల తల్లి ఊరి బయటి దారిని చూస్తూ నిలబడి ఉంటుంది. ఆమె కొడుకు తిరిగి రాడని, ఎక్కడో పరాయి ఊళ్లో సమాధి అయ్యాడని అప్పుడే చెప్పేస్తారు. సస్పెన్స్ ఏమీ లేదు. 'బతుకుతాడా లేదా' అన్నది ఈ సినిమాకి ప్రశ్నే కాదు. ఎవరిని పోగొట్టుకున్నామన్నదే ప్రశ్న. చుఖ్రాయ్ ఊహించి తీసిన వాడు కాదు. రెండో ప్రపంచయుద్ధంలో స్వయంగా పోరాడి, గాయపడి వచ్చినవాడు.

జపాన్ దర్శకుడు ఇసావో తకహాతా 1988లో తీసిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' కూడా అంతే. బొమ్మల సినిమా. 1945 సెప్టెంబరులో ఓ రైల్వేస్టేషన్లో స్తంభానికి ఆనుకుని ఆకలితో ప్రాణం విడిచే సెయితా అనే అబ్బాయితో మొదలవుతుంది. అక్కణ్నుంచి కథ వెనక్కి వెళుతుంది. కోబె నగరంపై బాంబులు పడ్డాయి. తల్లి చనిపోయింది. నాన్న నౌకాదళంలో ఎక్కడో ఉన్నాడు. 14 ఏళ్ల సెయితా, నాలుగేళ్ల చెల్లెలు సెత్సుకో... ఇద్దరే మిగిలారు. వాళ్ల దగ్గరో పిప్పరమెంట్ల డబ్బా. అందులో బిళ్లలు అయిపోయాక నీళ్లు పోసి, ఆ తీపినే చెల్లెలికి తాగిస్తాడు అన్న. సైనికులు పెద్దగా కనిపించరు. యుద్ధం మాత్రం ప్రతి ఫ్రేములోనూ ఉంటుంది.

ఈ కథ రాసిన అకియుకి నొసాకా యుద్ధకాలంలో తన చిట్టిచెల్లెల్ని నిజంగానే పోషకాహారం లేక పోగొట్టుకున్నాడు. ఆ అపరాధభావంతోనే 1967లో ఈ కథ రాశాడు. దర్శకుడు తకహాతా కూడా తొమ్మిదేళ్ల వయసులో ఒకయామా నగరంపై బాంబుదాడిలోంచి బతికి బయటపడ్డవాడే. బొమ్మల సినిమా కదా అని పసిపిల్లల్ని కూర్చోబెట్టి టీవీ ముందు వదిలేయకూడదు. కాస్త పెద్దపిల్లలతో, పక్కన అమ్మానాన్నా కూర్చుని చూడాల్సిన సినిమా ఇది.

సోవియట్ దర్శకుడు మిఖాయిల్ కలతోజొవ్ తీసిన 'ది క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్' (1957) ఇంట్లో ఎదురుచూసే అమ్మాయి వైపు నుంచి నడుస్తుంది. ప్రేమించినవాడు యుద్ధానికి వెళుతున్న రోజు వెరోనికా ఆలస్యంగా వస్తుంది. జనంలో అతను కనిపించడు. ఇద్దామని తెచ్చిన పొట్లం సైనికుల కాళ్ల కింద నలిగిపోతుంది. ఒక్క తూటా పేలకుండా యుద్ధం ఏం చేస్తుందో ఆ దృశ్యం చెబుతుంది. 1958లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం ఈ సినిమాకే దక్కింది.

శత్రువు జేబులో ఫొటో

మంచి యుద్ధం సినిమాని గుర్తుపట్టడానికి ఓ సులువైన పరీక్ష ఉంది. అందులో శత్రువుకి ముఖం ఉందా, పేరుందా, ఇల్లుందా అని చూడటమే.

ఎరిక్ మరియా రెమార్క్ జర్మనీ తరఫున మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసి ఓ నవల రాశాడు. దాన్ని 1930లో హాలీవుడ్‌లో లూయిస్ మైల్‌స్టోన్ 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్'గా తీశాడు. బాంబు పడిన గోతిలో దాక్కున్న జర్మన్ కుర్రాడు పాల్, లోపలికి దూకిన ఫ్రెంచి సైనికుణ్ని కత్తితో పొడుస్తాడు. ఆ మనిషి వెంటనే చనిపోడు. రాత్రంతా ఆ గోతిలో ఇద్దరే! పాల్ అతనికి నీళ్లు పడతాడు. క్షమించమని వేడుకుంటాడు. చివరికి అతని జేబులో భార్యాబిడ్డల ఫొటో దొరుకుతుంది. అప్పటిదాకా 'శత్రువు' అనుకున్నవాడు ఒక్కసారిగా ఓ పాప తండ్రి అయిపోతాడు.

ఈ సినిమా అంటే నాజీలకు ఎంత కంపరమంటే, 1930 డిసెంబరులో బెర్లిన్ థియేటర్లో ఎలుకల్ని వదిలి, కంపుకొట్టే బాంబులు వేసి ప్రదర్శన ఆపేయించారు. కొద్దిరోజుల్లోనే జర్మనీలో దాన్ని నిషేధించారు. చివరికి జర్మన్లే తమ భాషలో ఆ నవలని మళ్లీ తెరకెక్కించింది 2022లో! దానికి నాలుగు ఆస్కార్లు వచ్చాయి.

అదే కోవలో క్లింట్ ఈస్ట్‌వుడ్ ఓ అరుదైన పని చేశాడు. 1945లో ఇవో జిమా దీవి కోసం అమెరికా, జపాన్ల మధ్య జరిగిన భీకరపోరు మీద 2006లో ఒకటి కాదు, రెండు సినిమాలు తీశాడు. 'ఫ్లాగ్స్ ఆఫ్ అవర్ ఫాదర్స్' అమెరికన్ల కథ. 'లెటర్స్ ఫ్రమ్ ఇవో జిమా' జపాన్ సైనికుల కథ, అదీ జపాన్ భాషలో. అందులో బందీగా చిక్కిన అమెరికన్ కుర్రాడు చనిపోతాడు. అతని దగ్గర దొరికిన ఉత్తరాన్ని జపాన్ అధికారి తన సైనికులకు చదివి వినిపిస్తాడు. ఇంటి దగ్గర కుక్కపిల్ల కబుర్లూ, జాగ్రత్తలూ... అమ్మ రాసిన మామూలు ఉత్తరం. విన్నవాళ్లు మౌనంగా ఉండిపోతారు. తన తల్లి రాసేదీ అచ్చం ఇలాగేనని ఓ కుర్రాడికి తోస్తుంది. అటువైపూ ఓ అమ్మ ఉందన్నమాట!

శత్రువు ఎప్పుడూ అవతలే ఉంటాడనుకోవడం కూడా పొరపాటేనంటుంది స్టాన్లీ కుబ్రిక్ 'పాత్స్ ఆఫ్ గ్లోరీ' (1957). అసాధ్యమైన దాడికి సైనికుల్ని పంపిన ఫ్రెంచి జనరల్, అది విఫలమయ్యేసరికి పిరికితనం నేరం మోపి తన సైనికుల్లోనే ముగ్గురిని కాల్చి చంపమంటాడు. వాళ్ల తరఫున వాదించే కల్నల్‌గా కర్క్ డగ్లస్ నటించాడు. నిడివి గంటన్నర. ఫ్రాన్స్‌లో ఈ సినిమా 1975 దాకా ఆడలేదు.

మన గడప దగ్గర

'ఇవన్నీ ఎక్కడో జరిగినవి, మనకేం సంబంధం?' అనిపించవచ్చు. సంబంధం ఉంది. 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' (1957) చూడండి. డేవిడ్ లీన్ సిలోన్లో తీసిన ఈ సినిమాకి ఏడు ఆస్కార్లు వచ్చాయి. జపాన్ సైన్యం చేతికి చిక్కిన బ్రిటిష్ బందీలు రైలు వంతెన కట్టే కథ. కథ కల్పితమే కానీ థాయ్‌లాండ్, బర్మాల మధ్య 415 కిలోమీటర్ల రైలుమార్గం నిజం. 1942-43ల్లో దాని నిర్మాణంలో 12 వేల మందికి పైగా యుద్ధఖైదీలు చనిపోయారు. వాళ్లకంటే ఎన్నోరెట్లు ఎక్కువగా ఆసియా కూలీలు నేలరాలారు. మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన భారతీయుల్లో అత్యధికులు తమిళులు. తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ కూలీల గోడు సినిమాలో లేదు. గొప్ప సినిమా కూడా కొందరిని మర్చిపోతుందని చెప్పడానికైనా దీన్ని పిల్లలకు చూపించాలి.

రెండో ప్రపంచయుద్ధంలో భారత సైన్యంలో పనిచేసినవాళ్లు దాదాపు 25 లక్షల మంది. వాళ్లని మన తెర చాలాకాలం పట్టించుకోలేదు. క్రిష్ 2015లో తీసిన 'కంచె' ఆ లోటు కొంత తీర్చింది. ఇటలీ యుద్ధభూమిలో పోరాడే తెలుగు సైనికుడి కథ. దేశాల మధ్య కంచెకీ, ఊళ్లో మనుషుల మధ్య వేసిన కంచెకీ ముడిపెట్టడమే ఇందులో విశేషం. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది.

విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియంలోకి వెళ్లొచ్చిన పిల్లలకు 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన 'ఘాజీ' ఇట్టే నచ్చేస్తుంది. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయిన పాకిస్థాన్ జలాంతర్గామి చుట్టూ అల్లిన కథ ఇది. అది ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాల వాదనా వేర్వేరు. సినిమా ఉత్కంఠగా సాగుతుంది. గర్వంగానూ ఉంటుంది. దాని తర్వాత వోల్ఫ్‌గ్యాంగ్ పీటర్సన్ 'దాస్ బూట్' (1981) చూస్తే ఇంకో కోణం తెలుస్తుంది. అదీ జలాంతర్గామి కథే. కాకపోతే అందులో ఉన్నది జర్మన్లు. ఆ ఇరుకు గొట్టంలో చెమటలు కక్కుతూ, పైనుంచి బాంబులు పడుతుంటే ఊపిరి బిగబట్టే కుర్రాళ్లని చూశాక, ఘాజీతోపాటు సముద్రం అడుగుకి వెళ్లిన 90 మందికి పైగా సిబ్బంది ఎవరై ఉంటారన్న ఆలోచన తప్పకుండా వస్తుంది. ఆ ఆలోచన రావడం దేశభక్తికి తక్కువేం కాదు.

గెలిచిన యుద్ధాల మీద సినిమా తీయడం తేలిక. ఓడిన యుద్ధం మీద తీయడానికి గుండె కావాలి. 1962 చైనా యుద్ధం గాయం ఆరకముందే చేతన్ ఆనంద్ 'హకీకత్' (1964) తీశాడు. లద్దాఖ్ మంచుకొండల్లో వెనక్కి తగ్గుతూ ప్రాణాలొదిలిన సైనికుల కథ అది. హిందీ యుద్ధ చిత్రాల్లో ముందు చూడాల్సింది అదే.

పిల్లలతో చూసేముందు...

అన్నీ అందరికీ కాదు. స్పీల్‌బర్గ్ 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' (1998)లో సముద్రతీరంపై దాడి దృశ్యాలు దాదాపు 25 నిమిషాలుంటాయి. పెద్దవాళ్లే కళ్లు మూసుకుంటారు. అయితే అందులోనూ మరిచిపోలేనిది ఆ రక్తపాతం కాదు. నలుగురు కొడుకుల్లో ముగ్గురు పోయారన్న కబురు మోసుకొస్తున్న కారుని చూసి, గుమ్మంలోనే కూలబడిపోయే తల్లి. ఆమె నోటివెంట ఒక్క మాట రాదు.

ఎలెం క్లిమోవ్ 'కమ్ అండ్ సీ' (1985) పూర్తిగా పెద్దలకే. నాజీలు బెలారస్‌లో 628 గ్రామాల్ని జనంతో సహా తగలబెట్టారని చెప్పే ఆ సినిమా చూశాక ఆ రాత్రి నిద్రపట్టదు.

హైస్కూలు పిల్లలుంటే 'బ్యాలడ్ ఆఫ్ ఎ సోల్జర్'తో మొదలుపెట్టడం మంచిది. నలుపు తెలుపు సినిమా అని మొదట మూతి ముడుస్తారు. పది నిమిషాలు ఓపికపడితే చాలు, అల్యోషాతోపాటు రైలెక్కేస్తారు. ఉన్నదీ గంటన్నరే.

సినిమా అయ్యాక 'ఎవరు గెలిచారు?' అని అడగకూడదు. 'ఎవరి కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు?' అని అడగాలి. పిల్లలు ఒకవైపు పేర్లే చెబితే ఇంకో సినిమా చూపించాల్సి ఉంటుంది. రెండువైపులా పేర్లు చెప్పారంటే... చూసిన సినిమా పనిచేసినట్టే!