మోగే ఫోనుకు బాధ్యులెవరు?

ప్రభుత్వ కార్యాలయానికి ఫోన్ చేసిన పౌరునికి తరచు మొదట వినిపించేది స్వాగత వచనం. ఆ తరువాత అంకెల జాబితా. చివరకు ఎవరూ ఎత్తని ఫోను గంట. ఈ దుస్థితికి ‘సిస్టమ్’ కారణమని చెప్పి చేతులు దులుపుకోవడం అధికార యంత్రాంగానికి పరిపాటిగా మారింది. యంత్రం తనంత తానుగా ఏ కాల్‌నూ దారి మళ్లించదు. మనుషులు నిర్దేశించిన క్రమాన్నే అది పాటిస్తుంది.

ఒకప్పుడు కార్యాలయానికి వచ్చిన ప్రతి కాల్‌నూ ఆపరేటరు సంబంధిత ఎక్స్‌టెన్షన్‌కు కలిపేవారు. ఆ పనిని అనంతర కాలంలో ఇ.పి.ఎ.బి.ఎక్స్. యంత్రాలు చేపట్టాయి. ఒకే నంబరు కింద కొన్ని ఎక్స్‌టెన్షన్లను చేర్చి, మొదటిది ఎంగేజ్‌లో ఉంటే రెండవదానికి, అదీ ఖాళీ లేకుంటే మూడవదానికి కాల్‌ను పంపవచ్చు. ఈ పద్ధతిలో భారం అధికంగా మొదటి ఉద్యోగిపైనే పడుతుంది. వంతులవారీగా పంపితే పని సమంగా పంపిణీ అవుతుంది. అన్ని ఫోన్లూ ఒకేసారి మోగితే, ఎవరో ఒకరు ఎత్తుతారులే అన్న ఉపేక్షకు తావు ఏర్పడుతుంది. వీటిలో ఏది అనుసరించాలన్నది టెలిఫోన్ మెకానిక్‌కు వదిలేయవలసిన విషయం కాదు. అది పరిపాలనాపరమైన నిర్ణయం.

1891లో అమెరికాలో ఆటోమేటిక్ ఎక్స్ఛేంజికి పేటెంటు పొందిన ఆల్మన్ స్ట్రౌజర్ వృత్తిరీత్యా అంత్యక్రియల నిర్వాహకుడు. తనకు రావలసిన కాల్స్ పోటీదారుకు చేరుతున్నాయన్న అనుమానమే ఆయనను ఈ ఆవిష్కరణకు పురికొల్పిందని చెబుతారు. మనిషి పక్షపాతాన్ని తొలగించేందుకు వచ్చిన యంత్రం నేడు మనిషి నిర్లక్ష్యానికి తెరగా మారడం శోచనీయం. సాంకేతిక పరిజ్ఞానం లేదన్న సాకు కూడా చెల్లదు. 1984లో ఏర్పాటైన సి-డాట్ ఇటువంటి ఎక్స్ఛేంజీలను స్వదేశంలోనే రూపొందించింది.

అసలు లోపం వేరొక చోట ఉంది. గంటకు 40 కాల్స్ వచ్చి, ఒక్కొక్కటి 3 నిమిషాలు సాగితే మొత్తం సంభాషణ 120 నిమిషాలు. ఇద్దరు ఉద్యోగులు క్షణం తీరిక లేకుండా పనిచేస్తే సరిపోతుందని లెక్క చెప్పవచ్చు. కానీ కాల్స్ సమాన వ్యవధిలో రావు. ఇద్దరితోనే నెట్టుకువస్తే నిరీక్షణ పెరుగుతూనే ఉంటుంది. డెన్మార్క్ గణిత శాస్త్రజ్ఞుడు ఎర్లాంగ్ ఇటువంటి లెక్కలకు సూత్రాలను 1917లోనే ప్రకటించాడు. సిబ్బందిని పెంచకుండా స్వాగత సందేశాలను పొడిగించడం బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత చందమే.

నిలిచిపోయిన పింఛను కోసం ఆరా తీసే వృద్ధునికి, ఆసుపత్రిలో రోగి పరిస్థితి తెలుసుకోగోరే బంధువుకు ఎత్తని ఫోను మూసిన తలుపుతో సమానం. ఫోను పలకకపోతే బస్సెక్కి కార్యాలయానికి రావలసిందే. ఆ రోజు కూలి పోగొట్టుకోవలసిందే.

అధికారులు, ఉద్యోగుల డైరెక్టరీని ప్రచురించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ఆదేశిస్తున్నది. అందులోని నంబర్లు పలికేలా చూడడం కూడా ప్రభుత్వాల విధి. నిర్ణీత వ్యవధిలో ఎవరూ ఎత్తని కాల్ పర్యవేక్షక అధికారి బల్లపై మోగాలి. సమాధానం లేని కాల్స్ వివరాలను ఎక్స్‌టెన్షన్ల వారీగా నమోదు చేసే సదుపాయాన్ని వినియోగించుకుని, వాటిని వారం వారం సమీక్షించాలి. కాల్ ఎన్ని మలుపులు తిరిగినా చివరకు బాధ్యత గల ఒక మనిషి వద్దకు చేరాలి. అంతవరకు ఎంత అధునాతన యంత్రాన్ని నెలకొల్పినా ప్రజలకు ఒరిగేదేమీ ఉండదు.