గసగసాలంత గుళికల పని

సూరత్ పాండేసరలో గుడ్డలకు రంగులద్దే మిల్లులకు బోరు నీళ్లలోని కాఠిన్యం పాత తలనొప్పి. కాల్షియం, మెగ్నీషియం ఉంటే రంగు సమంగా పట్టదు. అందుకే ముందు నీళ్లను గసగసాలంత రెజిన్ గుళికలు నింపిన నిలువు ట్యాంకులోంచి దించుతారు. ఆ లోహాలు గుళికలకు అంటుకుంటాయి, సోడియం బయటికొస్తుంది. గుళికలు నిండిపోతే ఉప్పునీళ్లు పోస్తారు, మళ్లీ పనికొస్తాయి. రేర్ ఎర్త్ మూలకాలను క్రొమటోగ్రఫీతో విడదీయడానికి పునాది ఈ సూత్రమే. కానీ వాటి గురించి మన చర్చంతా గనుల చుట్టూ, మన కోస్తా ఇసుకలో వాటిని దాచుకున్న మోనజైట్ ఖనిజం చుట్టూ తిరుగుతోంది. 2025 ఏప్రిల్‌లో చైనా డిస్ప్రోషియం, టెర్బియం సహా ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతులపై ఆంక్షలు పెట్టగానే మన వాహన కంపెనీలు వాటితో చేసే మోటారు అయస్కాంతాల కోసం తడుముకున్నాయి. ఇసుక లేక కాదు, ఆ ఇసుకను అయస్కాంతం దాకా నడిపించే పరిశ్రమ లేక. అందులో అన్నిటికన్నా చిక్కు మెట్టు విడదీయడం.

ఈ మూలకాల వరుసలో మొదట ఉండే లాంథనం అయాన్ వ్యాసార్థం 103 పికోమీటర్లు, చివర ఉండే లుటీషియంది 86. మధ్యలో పద్నాలుగు మెట్లు, ఒక్కో మెట్టుకు తేడా ఒక శాతం చిల్లర. అందుకే 1911లో రసాయన శాస్త్రవేత్త చార్లెస్ జేమ్స్ వీటిలో ఒకటైన థూలియంను శుద్ధంగా తీయడానికి సుమారు 15,000 సార్లు స్ఫటికీకరణ చేయాల్సి వచ్చింది. 1940లలో అయోవాలో ఫ్రాంక్ స్పెడింగ్ బృందం మిశ్రమాన్ని రెజిన్ మీద నిలిపి, పైనుంచి సిట్రేట్ ద్రావణం పోసింది. చిన్న అయాన్లు సిట్రేట్‌ను గట్టిగా పట్టుకుని ముందు దిగుతాయి, పెద్దవి వెనకబడతాయి. రెజిన్ నింపిన గొట్టం, అంటే కాలమ్, పొడవునా ఆ పట్టూ విడుపూ వేలసార్లు జరిగితే, ఒక శాతం తేడా కూడా చాలినంత ఎడం అవుతుంది.

ఈ పద్ధతి పాతబడింది కదా అని అడగవచ్చు. నిజమే, టన్నుల లెక్కన లాంథనం, సీరియం తీయాలంటే వందల తొట్లతో నడిచే సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షనే చవక. నేను కాలమ్‌ను కోరేది పాత మోటార్ల అయస్కాంతాల తుక్కు కోసం. ఆ అయస్కాంతం బరువులో సుమారు 30 శాతం రేర్ ఎర్త్ మూలకాలే. అవీ నాలుగైదు రకాలే, ఇసుకతో వచ్చే థోరియం బెడదా లేదు. 2020లో పర్డ్యూ యూనివర్సిటీలో లిండా వాంగ్ బృందం అలాంటి తుక్కు నుంచి వచ్చే మిశ్రమాన్ని కాలమ్‌లో 99 శాతం పైగా శుద్ధతతో విడదీయగలమని చూపింది. సూరత్‌కు దగ్గర్లోని అంకలేశ్వర్‌లో రెజిన్ తయారవుతోంది, దాన్ని వాడే చేతులు పాండేసరలోనే ఉన్నాయి.

నీళ్ల సంగతి అడిగేవారితో నాకు పేచీ లేదు. కాలమ్ కింద కూడా ఉప్పు, ఆమ్లం కలిసిన నీళ్లు దిగుతాయి. రంగునీళ్ల బాధ సూరత్‌కు తెలియనిది కాదు. ద్రావణాన్ని తిరిగి వాడే ఏర్పాటు లేకుండా ఏ కాలమ్‌కూ అనుమతి ఇవ్వకూడదు, ఖర్చు పెరిగినా సరే.