బాగుచేయలేని వల చవక ఎలా అవుతుంది?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట ఆగుతుంది. ఈ 61 రోజులూ భీమిలి నుంచి గిలకలదిండి దాకా మన రేవుల్లో పడవలూ వలలూ బాగుచేసుకునే కాలం. పాక నీడన కూర్చున్న పెద్దాయన వలను కాలి బొటనవేలికి తగిలించి బిగలాగుతాడు. చిరుగు చుట్టూ వేలాడే పోగులను బ్లేడుతో కోసేసి, తెగని కన్ను దగ్గర మొదలుపెట్టి ముడి మీద ముడి వేసుకుంటూ పోతాడు. కొలబద్ద పెట్టడు, అయినా కన్ను కొలత తప్పదు. ఆ చెయ్యి ఆడినన్నాళ్లు వల ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ఒంటిపోగు నైలాన్‌తో యంత్రాలు అల్లి పంపే చవక దిగుమతి వలలు ఆ చేతికి పని లేకుండా చేస్తున్నాయి. ఈ ఒంటిపోగు (మోనోఫిలమెంట్) వల చిరిగితే బాగుచేయడం కష్టం. ముడి జారిపోతుంది, ఎండకు పోగు పెళుసెక్కుతుంది. కొత్తది కొనడమే సులువనిపిస్తుంది. పాతది ఒడ్డున పారేస్తారు, లేదా నీళ్లలోనే వదిలేస్తారు. నీళ్లలో వదిలిన వల ఊరుకోదు. అడిగేవాడు లేకపోయినా చేపనూ పీతనూ పడుతూనే ఉంటుంది, గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలునూ చుట్టేస్తుంది. పసిఫిక్ మహాసముద్రంలో తేలే చెత్త రాశి బరువులో కనీసం 46 శాతం వలలేనని 2018లో శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. ఆ వలలన్నీ ఎవరో ఒకరు ధర చూసుకుని కొన్నవే.

బాగుచేసుకునే వీలులేని వలను చవక అనడం మోసం. బిల్లులో కనిపించని ఖర్చును కడలి కడుతోంది, రేపు వేటకు వెళ్లాల్సిన జాలరి బిడ్డ కడుతున్నాడు. అటువంటి సరుకును ప్రజాధనంతో కొనడం, అమ్మినవాడికి ఏ బాధ్యతా లేకుండా వదిలేయడం తక్షణం ఆగాలి.

ఈ మాట జాలరిని నిందించడానికి కాదు. ఒంటిపోగు వల నీళ్లలో కనిపించదు, చేప ఎక్కువ పడుతుంది. ట్రాలర్ అడ్డంగా వచ్చి వలను తెంచుకుపోతే ఖరీదైన వల పోయినవాడు అప్పులపాలవుతాడు, చవక వల పోయినవాడు మర్నాడు మళ్లీ వేటకు వెళ్లగలడు. డీజిల్‌కే అప్పు చేసేవాడికి నీతులు చెప్పే హక్కు మనకెక్కడిది? ఆ ఎంపిక అతని ముందు పెట్టినవాళ్లను నిలదీయాలి.

చేత్తో అల్లిందల్లా పుణ్యమనీ మేం అనం. నూలు వలలను చెట్టు బెరడు కషాయంలో ముంచి, వేట నుంచి రాగానే ఆరబెట్టుకునే చాకిరీని నైలాన్ తప్పించింది. ఆ రోజుల్లోకి ఎవరూ తిరిగి పోనక్కర్లేదు. శ్రీశైలం జలాశయంలో చేపపిల్లలను ఊడ్చేసే అలివి వలల మీద స్థానిక మత్స్యకారులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. కన్ను చిన్నదైతే అల్లింది ఏ చెయ్యైనా, ఏ దేశమైనా నష్టం ఒకటే. కాబట్టి కన్ను కొలత, మరమ్మతుకు వీలు అనే రెండూ చూసి వలను ఎంచాలి. ఈ రెంటిలోనూ స్థానిక నేతగాడి చేతికి సాటి లేదు. వల చెడితే అడగడానికి అతను రేవులోనే దొరుకుతాడు.

విక్టోరియా సరస్సు చుట్టూ ఉన్న కెన్యా, ఉగాండా, టాంజానియా మోనోఫిలమెంట్ వలలను నిషేధించాయి. అయినా అవి సరస్సులో కనిపిస్తూనే ఉన్నాయి. పడవలో దొరికిన వలను తగలబెట్టినంత మాత్రాన దాన్ని తెచ్చి అమ్మినవాడి వ్యాపారం ఆగదు. మనం ఆ దారి పట్టకూడదు. బంగ్లాదేశ్ నుంచి వచ్చే వలలపై మన దేశం యాంటీ డంపింగ్ సుంకం వేసింది, అయితే అది ఇక్కడి కార్ఖానాలను కాపాడేందుకు వేసినది. రేవులో వల అల్లే మనిషికి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సంప్రదాయ మత్స్యకారులకు పడవలు, వలలు సబ్సిడీపై ఇస్తున్నారు. ఆ సొమ్ముతో కొనే ప్రతి వలా బాగుచేసుకోగలిగిన దారపు వలే కావాలని నిబంధన పెట్టాలి. దాని అల్లికలో, మరమ్మతులో మత్స్యకార సహకార సంఘాలకే తొలి వాటా దక్కాలి. ప్లాస్టిక్ ఉత్పత్తిదారుల బాధ్యతపై కేంద్రం 2022లో తెచ్చిన నిబంధనలు ప్యాకేజింగ్‌కే పరిమితమయ్యాయి. వల తయారుచేసే కంపెనీ, దిగుమతి చేసే వ్యాపారి పాత వలలను వెనక్కి తీసుకునేలా ఆ నిబంధనలను విస్తరించాలి. వేట ఆగే ఆ 61 రోజుల్లో ప్రతి రేవులో పాత వలకు కిలోకింత అని చెల్లించి సేకరించాలి, వల బాగుచేసేవారికి రోజు కూలీ ఇవ్వాలి. చేతిలో నగదు పడితేనే జాలరి పాత వలను ఒడ్డుకు మోసుకొస్తాడు.

సరదాకు చెరువు గట్టున గాలం వేసేవారికి జాలరికున్న ఇబ్బంది లేదు. వాళ్లు కొనేది పూట గడవడానికి కాదు. నాలుగు రోజుల్లో విరిగే ప్లాస్టిక్ ఎరల పొట్లం బదులు, ఊళ్లో ఎవరైనా చెక్కిచ్చే వెదురు బద్ద, బెండు కొనుక్కోవచ్చు. తెగిన తీగను గట్టునే వదలకుండా ఇంటికి తీసుకుపోవచ్చు. ఈపాటి పని తమవల్ల కాదని వాళ్లు అనలేరు.

వచ్చే ఏప్రిల్ 15 నాటికి రెండు తెలుగు రాష్ట్రాల మత్స్యశాఖలు సబ్సిడీ వలల జాబితాను సవరించి ప్రజల ముందు పెట్టాలి. అందులో ఒంటిపోగు దిగుమతి వల ఒక్కటి కూడా ఉండకూడదు.