ఏం పని జేస్తావని అడిగినోడు లేడు

"పరిశుభ్రమైన గాలి పీల్చండి, ఊపిరితిత్తులు ఆరోగ్యంగా ఉంటాయి." బళ్లో నేను చెప్పే పాఠం ఇది. ఒకరోజు మా సోమల పక్క పల్లె పిల్లోడు లేచి నిలబడినాడు. "సార్, మా నాయన కంకర మిషను కాడికి పనికి పోతాడే, ఆడ ఏ గాలి పీల్చాల?"

నా దగ్గర జవాబు లేదు. పుస్తకంలోనూ లేదు. ఆ పుస్తకం రాసినోడి నాయన రాయి కొట్టి ఉండడు.

మా నాయన కొట్టినాడు. ఇరవై ఏండ్లు కొట్టి నన్ను డిగ్రీ చదివించినాడు. నలభై దాటీదాటకనే నాలుగడుగులేస్తే ఆయాసం. ఆస్పత్రిలో టీబీ అని చీటీ రాసినారు. మాత్రలన్నీ మింగినాడు, దగ్గు తగ్గలేదు. బీడీలు కాలుస్తావా అని అడిగినారు. సారా తాగుతావా అని అడిగినారు. ఏం పని జేస్తావయ్యా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఇటలీలో రామజ్జిని అనే వైద్యుడు రోగిని వృత్తి అడగండని 1700లోనే పుస్తకం రాసినాడు. మూడు వందల ఏండ్లు దాటినా ఆ ప్రశ్న మా పల్లెకు రాలేదు. నాయన పోయినాక నేనే చదువుకుని తెలుసుకున్నా, అట్లాంటి దగ్గుకు సిలికోసిస్ అని ఇంకో పేరుందని.

రాయి కోసినా, తొలిచినా, పిండి కొట్టినా సిలికా పొడి లేస్తుంది. కంటికి కనబడనంత సన్నది. తలగుడ్డ మూతికి కట్టుకుంటే ఆగేది కాదు. ఊపిరితిత్తుల అడుగుకు పోయి కూర్చుంటుంది. మెత్తగా సాగాల్సిన ఊపిరితిత్తి తోలు మాదిరి గట్టిపడుతుంది. దాన్ని నయం చేసే మందు లేదు. పని మానేసినా రోగం ముదరొచ్చు. పైగా ఆ ఊపిరితిత్తుల్ని టీబీ తొందరగా పట్టుకుంటుంది. కాబట్టి టీబీ మాత్రలు మానమని కాదు నేను చెప్పేది. టీబీ వెనక ఇంకేముందో చూడమంటున్నా.

ఇది ఎవరికీ తెలియని సంగతా? కుప్పానికి కూతవేటు దూరంలో కోలారు బంగారు గనులు 2001 దాకా నడిచినాయి. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు పల్లెల నుంచి భూమి లేని మనవాళ్లు ఆ గుంతల్లోకి దిగినారు. మైసూరు ప్రభుత్వం 1940లోనే సిలికోసిస్ రూల్సు చేసింది. 1940-46 మధ్య అక్కడి కార్మికులను పరీక్ష చేస్తే నూటికి నలభై మందికి పైనే ఈ రోగం బయటపడింది. బంగారం సీమకు పోయింది, దుమ్ము మన రొమ్ముకు వచ్చింది.

ఇంకోపక్క మదనపల్లె కాడ 1915లోనే ఆరోగ్యవరం శానిటోరియం వెలిసింది. అప్పటికి టీబీకి మందే లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అదే వైద్యం. అంటే గాలి విలువ మన సీమలో వందేండ్ల కిందటే తెలుసు. రోగమొచ్చినాక గాలి ఇయ్యడం తెలిసిన దేశానికి, రోగం రాకముందు పని కాడ గాలి ఇయ్యడం తెలియదా? నీళ్లు పోసి కోస్తే, నీళ్లు పెట్టి తొలిస్తే దుమ్ము చాలా మటుకు అణుగుతుంది. ఇది పెద్ద శాస్త్రం కాదు. కాకపోతే నీళ్లకు ఖర్చవుతుంది. మాల, మాదిగ, వడ్డెరోడి ఊపిరికి ఖర్చు లేదు.

రోగం పేరులోనే రాజకీయముంది. టీబీ అని మాత్రమే రాస్తే అది నీ కర్మ. సిలికోసిస్ అని రాస్తే అది యజమాని బాకీ. పాత నష్టపరిహారం చట్టం జాబితాలోనూ, కొత్త లేబర్ కోడ్‌లోనూ అది వృత్తిరోగమే. రాజస్థాన్‌లో 2019లో ఒక విధానం తెచ్చినారు. రోగం ఖాయమైతే 3 లక్షలు, మనిషి పోతే ఇంటివాళ్లకు 2 లక్షలు. అక్కడి రాతి కార్మికులు, వాళ్ల సంఘాలు ఏండ్ల తరబడి కొట్లాడితే వచ్చింది అది. మన సోమల, పుంగనూరు, కుప్పం పల్లెల్లో ఆ పేరుతో ఒక్క సర్టిఫికెట్ చూసినోళ్లుంటే చెయ్యెత్తండి.

మేం అడిగేది బిచ్చం కాదు. దగ్గుతో వచ్చిన ప్రతి మనిషి చీటీ మీదా అతని పని రాయాల. రాతి పని చేసినోళ్లందరికీ ఎక్స్‌రే తీయాల. రోగముంటే దాని పేరే రాసి సర్టిఫికెట్ ఇయ్యాల. నీళ్లు లేకుండా నడిచే మిషన్లను ఆపాల.

చదువుకుని ఉద్యోగాల్లో ఉన్న మనకూ ఒక మాట. మన జీతం వెనక ఎవరో ఒకరి ఊపిరుంది. పల్లెలో దగ్గే పెద్దాయన ఆస్పత్రికి పోయేనాడు ఒక పూట సెలవు పెట్టి కూడా పోండి. డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి: "ఈయన రాయి కొట్టినాడు సార్, ఇన్నేండ్లు కొట్టినాడు. అది రాయండి."

ఆ మాట మా నాయన పక్కన నిలబడి చెప్పేదానికి ఆ రోజు ఎవరూ లేరు. నాకూ తెలియదు. ఆ పిల్లోడి నాయన పక్కన మనం ఉండాల.