నీళ్ల పంపుకి షెడ్డు దాకా ఎందుకు?

చెరకు నరికి గట్టు మీద పడుంది. పొద్దున్నే వస్తానన్న ట్రాక్టరు రాలేదు. కబురు పెడితే "రేడియేటరు మరిగిపోతోంది, షెడ్డులో పెట్టాం, రేపో ఎల్లుండో" అంటారు. గానుగాట మొదలయ్యాక చోడవరం, మునగపాక, కశింకోట వైపు ఈ మాట వినని రైతు ఉండడు. నరికిన చెరకు పూట గడిచేకొద్దీ బరువు తగ్గుతుంది, రసంలో తీపి విరుగుతుంది. ఆ రసం కాస్తే పాకం సరిగా కట్టదు, దిమ్మకు రంగు రాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో రంగు చూసే కదా ధర కట్టేది! ట్రాక్టరు ఎవరిదైనా అవనివ్వండి, అది ఆగితే దెబ్బ తగిలేది చెరకు పండించిన వాడికే.

ఇంజను మరగడానికి కారణాలు చాలా ఉంటాయి. ఫ్యాను బెల్టు వదులైనా, రేడియేటరు పూడిపోయినా, థర్మోస్టాటు పట్టేసినా మరుగుతుంది. వీటిలో ఒకటి నీళ్ల పంపు. ఈ వారం దాని గురించే చెప్పుకుందాం. ఎందుకంటే షెడ్డులో రెండు రోజులు పడిగాపులు పడి చేయించుకునే ఈ పని, పానాల సెట్టు, ఇద్దరు మనుషులు ఉంటే ఇంటి ముందు చెట్టు కింద ఒక్క పూటలో అయిపోతుంది. పాత ట్రాక్టరు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక్కరైనా దీన్ని నేర్చుకుని తీరాలని నా అభిప్రాయం.

ముందు ఈ పంపు ఏం చేస్తుందో చూడండి. రేడియేటరు కింది నుంచి చల్లారిన నీటిని లాగి ఇంజను చుట్టూ తిప్పుతుంది. బయట పుల్లీ, లోపల ఇరుసు, ఇరుసు చివర రెక్కల చక్రం. మధ్యలో బేరింగు, నీరు బేరింగులోకి పోకుండా ఒక సీలు. అంతే సరుకు. చాలా ట్రాక్టర్లలో ఫ్యాను కూడా ఈ ఇరుసుకే బిగించి ఉంటుంది.

పంపు పొట్ట కింద చిన్న బెజ్జం ఒకటి ఉంటుంది, దాన్ని గుర్తుపెట్టుకోండి. సీలు అరిగితే నీరు ఆ బెజ్జంలోంచి చుక్కలు చుక్కలుగా కారుతుంది. అది కారాలనే పెట్టారు. సీలు పోయిందని మనకు చెప్పడానికీ, నీరు బేరింగులోకి పోకుండా బయట పడడానికీ. మనవాళ్లేం చేస్తారు? ఎంసీల్ ముద్ద పెట్టి మూసేస్తారు! కారడం ఆగింది, పని జరిగిపోయింది అనుకుంటారు. ఆ నీరు బేరింగులో చేరి తుప్పు పట్టిస్తుంది. పది రోజులకో నెలకో కీచుమని అరుస్తుంది. తర్వాత ఇరుసు ఊగుతుంది, ఫ్యాను వెళ్లి రేడియేటరును కోసేస్తుంది. ఇంజను ఆ వేడిలోనే ఇంకో ట్రిప్పు నడిపితే హెడ్డు గ్యాస్కెట్టు పోతుంది, హెడ్డు వంగుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. అన్నదమ్ములు కలిసి అప్పు చేసి కొన్న సెకండ్ హ్యాండ్ ట్రాక్టరుకి ఇంజను పని వచ్చిందంటే ఆ ఏడాది బెల్లం డబ్బు దానికే సరి.

కనుక బెజ్జం కింద తడి కనిపించినా, ఇంజను ఆపి ఫ్యాను రెక్క పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిపితే ఆట ఉన్నా పంపు మార్చేయండి. సీజను అయ్యాక చూద్దాం అనకండి.

పని ముందురోజు రాత్రి ఇంజను ఆపి వదిలేయండి. తెల్లారి చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. వేడి మీద రేడియేటరు మూత తిప్పితే లోపల ఒత్తిడికి మరిగే నీరు మొహం మీదికి చిమ్ముతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యండి. రేడియేటరు కింది కుళాయి తిప్పి నీటిని పళ్లెంలోకి పట్టండి. అందులో కూలెంట్ కలిపి ఉంటే మరీ జాగ్రత్త. అది కాస్త తియ్యగా ఉంటుంది, కానీ విషం. నేల మీద వదిలేస్తే దూడో కుక్కో నాకి చచ్చిపోతుంది. పిల్లలకు అందనివ్వకండి, కాలవలో పారబోయకండి.

తర్వాత డైనమో బోల్టు వదులు చేస్తే బెల్టు ఊడి వస్తుంది. రేడియేటరు మీద మందపాటి అట్ట అడ్డుపెట్టి ఫ్యాను విప్పండి. చోటు చాలకపోతే రేడియేటరే తీసెయ్యాలి. కింది హోసు క్లిప్పు వదిలించి పంపు బోల్టులు విప్పండి. ఇక్కడ ఒక సంగతి. ఈ బోల్టులన్నీ ఒకే పొడుగు ఉండవు. అట్టముక్క మీద పంపు బొమ్మ గీసి, ఏ బెజ్జంలోది ఆ చోటే గుచ్చి పెట్టుకోండి. పొడుగు బోల్టు పొట్టిదాని చోట బిగిస్తే లోపల అడుగు తగిలి బ్లాకు బీటలిస్తుంది.

పాత గ్యాస్కెట్టు గీకేటప్పుడు ఇంజను బెజ్జంలో గుడ్డ కుక్కండి, ముక్కలు లోపల పడకుండా. ఉలీ సుత్తీ వద్దు. ఆ ముఖం మీద గాటు పడితే ఎంత కొత్త పంపు పెట్టినా కారుతుంది. కొత్తది బిగించే ముందు పాతదాని పక్కన పెట్టి చూడండి. బెజ్జాలు, పుల్లీ ఎత్తు, రెక్కల లోతు సరిపోవాలి. అందుకే కొట్టుకి వెళ్లేటప్పుడు పాత పంపును సంచిలో వేసుకెళ్లాలి. ట్రాక్టరు మోడలు, తయారైన సంవత్సరం కాగితం మీద రాసుకెళ్లండి. "ఇదీ అదే బాబూ, బేరానికిస్తా" అని పేరు లేని డబ్బా చేతిలో పెడితే వద్దనండి. బిల్లు అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. రేడియేటరు లాంటి చాలా ట్రాక్టరు విడిభాగాల మీద 18 నుంచి 5 అయింది. బిల్లు లేకపోతే మీకు ఏ లెక్కన అమ్మారో తెలిసే దారేది?

బోల్టులు ముందు చేత్తో తిప్పి, ఆనక ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఒకే వైపు బిగిస్తే గ్యాస్కెట్టు నలిగిపోతుంది. బెల్టును బొటనవేలితో నడుమ నొక్కితే అరంగుళం దాకా దిగాలి, కచ్చితమైన కొలత మీ ట్రాక్టరు పుస్తకంలో ఉంటుంది. బెల్టు మరీ బిగుతుగా లాగితే కొత్త బేరింగు కూడా తొందరగా పోతుంది. బిగుతుంటేనే మంచిదనుకునే వాళ్లు మన దగ్గర ఎక్కువ. తీసిన రేడియేటరు, ఫ్యాను, హోసు తిరిగి బిగించి, కుళాయి కట్టేసి నీరు నెమ్మదిగా పోయండి. బ్యాటరీ వైరు పెట్టి, మూత తీసే ఉంచి ఇంజను తిప్పండి. లోపలి గాలి బుడగలుగా పోయి మట్టం దిగుతుంది, మళ్లీ పోయండి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి, పంపు కింద వేలు పెట్టి చూడండి.

ఏ నీరు పోస్తున్నారన్నది కూడా ఉంది. రాంబిల్లి, అచ్యుతాపురం తీరం వైపు ఉప్పు నీరూ, బోరు నీరూ పోస్తే రేడియేటరు గొట్టాల్లో పెచ్చు కడుతుంది, పంపు రెక్కలు తుప్పు పడతాయి. కాలవ నీరైతే బురద చేరుతుంది. డిస్టిల్డ్ వాటరులో కంపెనీ చెప్పిన పాళ్లలో కూలెంట్ కలిపి పోయడం ఖర్చే, కాదనను. పంపు ధరతో పోల్చి చూసుకోండి.

ఎక్కడ చెయ్యి పెట్టకూడదో కూడా చెప్పాలి. గ్యారంటీలో ఉన్న బండిని విప్పకండి, డీలరు చేతే చేయించండి. పాత జీపు, అంబాసిడర్ లాంటి వాటికి పంపు ముందే కనిపిస్తుంది, పని దాదాపు ఇలాగే. ఈనాటి కార్లలో చాలా వాటికి పంపు టైమింగు బెల్టు వెనక ఉంటుంది. ఆ బెల్టు ఒక్క పన్ను తప్పి ఎక్కిందంటే ఇంజను నడక చెడుతుంది, ఇంకా తప్పితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. అక్కడ మెకానిక్కునే పిలవండి. మెకానిక్కుల పొట్ట కొట్టమని నేననడం లేదు. సీజన్లో వాళ్లకు చేతినిండా పెద్ద పనులే ఉంటాయి.

సొంత బండిని సొంతంగా బాగుచేసుకునే హక్కు మీద బయట పెద్ద గొడవలే జరిగాయి. అమెరికాలో ట్రాక్టరులోని కంప్యూటరు తాళం కంపెనీ చేతిలో ఉండడంతో రైతులు పోరాడితే, 2023 జనవరిలో జాన్ డీర్ కంపెనీ అక్కడి ఫార్మ్ బ్యూరోతో ఒప్పందం చేసుకుంది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 జులైలో ఈ హక్కు మీద కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలనూ అందులో చేర్చింది. మన పాత ట్రాక్టర్లకు ఆ తాళాల గొడవ లేదు, అన్నీ నట్లూ బోల్టులే. 50 హార్స్ పవర్ దాటిన కొత్త వాటికి 2023 జనవరి నుంచి కాలుష్య నిబంధనలు మారి ఎలక్ట్రానిక్ ఇంజన్లు వస్తున్నాయి. హక్కు కాగితం మీద ఉన్నా పానా పట్టడం రాకపోతే దానితో ఏం చేస్తాం?

నేర్పేదెవరు? యంత్రాల మీద శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ మన రాష్ట్రంలో ఉంది, కానీ అది అనంతపురం జిల్లా గార్లదిన్నెలో. మాడుగుల రైతు పశువులను వదిలి రాష్ట్రం ఆ చివర దాకా పోయి ఉండగలడా? అనకాపల్లిలో 1913 నుంచి పరిశోధన కేంద్రం ఉంది. చెరకు రకాల గురించి అక్కడి శాస్త్రవేత్తలు చెప్పినదే ఈ ప్రాంతం వింటోంది. ఊరూరా రైతు సేవా కేంద్రాలున్నాయి. గానుగాట మొదలు కాకముందే, సెప్టెంబరు అక్టోబరుల్లో, మండలానికి ఒక్క రోజు, పాత ఇంజను ఒకటి బల్ల మీద పెట్టి, ఐటీఐ మాస్టారు ఒకరిని పిలిచి రైతుల చేతే విప్పించి బిగించమనండి. దీనికి పెద్ద నిధులేం అక్కర్లేదు. కంపెనీలు కూడా ట్రాక్టరుతో ఇచ్చే పుస్తకాన్ని బొమ్మలతో తెలుగులో ఇవ్వాలి. ఇంగ్లీషు పుస్తకం సీటు కింద నూనె పీల్చుకుంటూ పడుంటోంది.

మీ మండల వ్యవసాయాధికారి ఈసారి ఊరొచ్చినప్పుడు ఎరువుల సంగతి అయ్యాక ఈ మాట కూడా అడగండి. ఒకరడిగితే పోయేది, పదిమంది అడిగితే రాసుకుంటారు.