పట్టా ఇచ్చినందుకు ఎంతకాలం రుణపడాలి?



పోయిన ఆదివారం భీమిలి బీచ్ దగ్గర కూర్చుని ఆర్వెల్ '1984' గురించి మాట్లాడుకున్నాం. విశాఖ నుంచి వచ్చిన పిల్లలందరూ టెలిస్క్రీన్ దగ్గరే ఆగారు. ఫోను, ఆధార్, సీసీ కెమెరా... సబబే. నన్ను మాత్రం ఆ నవలలో భయపెట్టేది కెమెరా కాదు, చాక్లెట్. రేషన్‌ను 30 గ్రాముల నుంచి 20కి కోస్తారు. మర్నాడే, 20కి పెంచినందుకు బిగ్ బ్రదర్‌కు కృతజ్ఞతగా ఊరేగింపులు జరిగాయని వార్త. జనం నమ్మేస్తారు.

అది చదివినప్పుడల్లా నాకు మా మామ్మ గుర్తొస్తుంది. ఎమర్జెన్సీ రోజుల్లో మా పేటకు ఇళ్ల పట్టాలొచ్చాయి. ఆ కాగితాన్ని పసుపు గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచుకుంది. "ఆయమ్మ నేకపోతే మనకీ గూడెక్కడిది బావూ?" అనేది. పోయేదాకా ఓటు అటే.

మనం చదువుకున్న ఎమర్జెన్సీ వేరు. 1975 జూన్ 25న విధించారు. నెల తిరిగేసరికి మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల 'ఎన్‌కౌంటర్'. చెట్లకు కట్టి కాల్చారని తార్కుండే కమిటీ తర్వాత తేల్చింది. ఆ డిసెంబరు 1న భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైల్లో ఉరి తీశారు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, అక్రమంగా నిర్బంధించినా కోర్టుకు రావడానికి వీల్లేదంది. అయిదుగురిలో జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు.

అదే కాలంలో 20 సూత్రాల కార్యక్రమం కూడా వచ్చింది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సుతో వెట్టిచాకిరీ రద్దు చేశారు. తాతల నాటి అప్పుకు పాలేరుగా బతికినవాడికి అది చిన్న సంగతా? 1977లో ఉత్తరాది జనం ఇందిరను ఇంటికి పంపితే, మన రాష్ట్రం 42 సీట్లలో 41 ఆమె పార్టీకే ఇచ్చింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే అవతలి పక్షం నుంచి గెలిచారు. మన ప్రజాస్వామికవాదులు ఈ లెక్క జోలికి పెద్దగా పోరు. పోతే మా మామ్మలాంటి వాళ్లను అమాయకులనాలి. నేననను. చెప్పులేసుకున్నామా, సైకిలు దిగామా, ఏ బావి దగ్గర నిలబడ్డామా అని ఊరి కళ్లు మా మీద ఏనాటి నుంచో ఉన్నాయి. ఆ నిఘాను 1977లో ఎవరూ ఎత్తేయలేదు. అలాంటి చోట సర్కారు కాగితం ఒక్కటి తన వైపు నిలబడితే ఆమె మురిసిపోయింది.

నా గొడవ ఆమెతో కాదు, ఆ కాగితాన్ని దానంగా ఇచ్చినవాళ్లతో. రాజ్యాంగం వచ్చిన పాతికేళ్ల దాకా ఇంటి జాగా ఇవ్వలేదు. ఇచ్చిందేమో నోరు నొక్కిన రోజుల్లో, అదీ దణ్ణం పెట్టించుకుని. ఒక చేత్తో పట్టా ఇచ్చి, రేపు ఆమె కొడుకును పోలీసులు ఎత్తుకుపోతే అడిగే దారిని రెండో చేత్తో మూసేశారు.

'1984' అచ్చయింది 1949 జూన్‌లో. అదే ఏడాది నవంబరు 25న రాజ్యాంగసభలో బాబాసాహెబ్ సరిగ్గా ఈ కృతజ్ఞత గురించే హెచ్చరించారు. దేశానికి ఎంత సేవ చేసినవాడికైనా మన స్వేచ్ఛను తీసుకెళ్లి పాదాల దగ్గర పెట్టకూడదన్నారు. ఏ జాతీ స్వేచ్ఛను బలిపెట్టి రుణం తీర్చుకోలేదన్న ఐరిష్ నాయకుడు ఓకానెల్ మాటను గుర్తుచేశారు. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికే దారి తీస్తుందన్నారు. ఆర్వెల్ తన కథానాయకుడు బిగ్ బ్రదర్‌ను ప్రేమించేదాకా చిత్రహింసల గదిలో పెట్టాడు. మన దగ్గర ఆ గది అక్కర్లేదని బాబాసాహెబ్‌కు తెలుసు.

మొన్నమొన్నటి దాకా మన పట్టాదారు పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ ఉండేది. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని తీసి రాజముద్ర పెట్టారు, మంచిదే. పింఛన్ల పంపిణీ మాత్రం ఇప్పటికీ నాయకుల ఫొటోల పండగే. ఫీజు బకాయి విడుదలైతే ఫ్లెక్సీకి పాలాభిషేకం చేసే కుర్రాళ్లు మన హాస్టళ్లలోనే ఉన్నారు. బకాయి అంటే మనకు రావాల్సింది కదరా!

ఇలా అంటే ఓ తమ్ముడు అడిగాడు: "అన్నా, మా అమ్మకు పింఛనొచ్చింది. థాంక్స్ చెబితే తప్పా?" ఆ పూట సరైన జవాబు ఇవ్వలేకపోయాను. "తప్పు కాదు, కానీ..." అని నసిగాను.

వచ్చే ఆదివారం అక్కడే ఆ నవంబరు 25 ప్రసంగం చదువుతున్నాం. పైకి చదివేది ఆ తమ్ముడే.